చూడని చెయ్యి

2003 నవంబరు 24

కుడి చెయ్యి బాగానే ఉంది. రాయగలుగుతున్నాను. ఇవాళ్టికి నాకు గట్టిగా తెలిసిన సంగతి ఇదొక్కటే.

జరిగింది వరసగా రాస్తే నమ్మకం కుదురుతుందేమో. పోయిన వారం గుంటూరులో గిటారు తీగలు కొనుక్కుని చిలకలూరిపేట బస్సెక్కాను. ఎడమవైపు కిటికీ పక్క సీటు. గిటారు ఒళ్లో నిలబెట్టుకుని కుడిచేత్తో పట్టుకున్నాను. ఎడమ చెయ్యి కిటికీ అంచు మీద ఉంది. బయటపెట్టలేదు. అంచు పట్టుకున్నాను, అంతే. యడ్లపాడు దాటాక రోడ్డు పక్కన పత్తి లారీ ఆగి ఉంది, బస్తాలు రెండు పక్కలకీ పొంగిపోయి. ఎదురుగా ఏదో బండి వచ్చింది. మా డ్రైవరు స్టీరింగు ఎడమకి కోశాడు. తెల్లగా ఏదో కిటికీని రాసుకుంటూ పోయింది. పత్తే కదా, మెత్తగా తగులుతుందనుకున్నాను. నిజంగా ఆ క్షణంలో అలాగే అనుకున్నాను. బస్తాల కింద లారీ ఇనుప అంచు ఉందని తర్వాత చెప్పారు.

నొప్పి లేదు. ముందు సీటులో ఆవిడ వెనక్కి తిరిగి నన్ను చూసి అరిచింది. ఎందుకు అరుస్తోందా అని నేను ఆవిడ మొహమే చూస్తూ ఉన్నాను.

గిటారుకి గీత కూడా పడలేదు.

నవంబరు 25

మూడు వేళ్లు. చూపుడు వేలు, మధ్య వేలు, ఉంగరపు వేలు.

నవంబరు 26

మూడు వేళ్లు.

నవంబరు 30

ఇంటికొచ్చాం. ఆస్పత్రిలో కట్టు మార్చేటప్పుడల్లా గోడకి తిరిగి పడుకునేదాన్ని. ఇక్కడ ఆ పని అమ్మ చేస్తోంది. మిరప చేను నాన్నకి వదిలేసి వచ్చేసింది. పాత జాకెట్టు గుడ్డతో నా చేతికి ఒక సంచి కుట్టింది. బొటనవేలికీ చిటికెన వేలికీ రెండు కంతలు, మణికట్టు దగ్గర నాడా. అది తొడుక్కుంటే మధ్యలో ఏముందో ఏం లేదో ఎవరికీ కనపడదు. కట్టు విప్పేటప్పుడు నేను కళ్లు మూసుకుంటాను. అమ్మ కూడా ఏమీ మాట్లాడదు.

మధ్య వేలు దురద పెడుతోంది. లేని వేలు! డాక్టరుగారు ముందే చెప్పారు. "కొన్నాళ్లు వేళ్లు ఉన్నట్టే అనిపిస్తాయమ్మా. కదులుతున్నట్టు కూడా ఉంటుంది. పట్టించుకోకు." పట్టించుకోవడం లేదు.

పలకరించడానికి వచ్చినవాళ్లందరూ ఒకటే మాట. నాగేంద్రబాబూ, నీ పెళ్లాం ఎంత బాగా వాయించేదీ అని బావతో. వాయించేది.

డిసెంబరు 9

బావ ఇవాళ కీబోర్డు తెచ్చి నా మంచం పక్కన పెట్టాడు.

"ఇది నేర్చుకో జ్యోతీ. పాట కుడిచేత్తో నువ్వు వాయించు, మిగతాది నేను చూసుకుంటా. మన ఆర్కెస్ట్రాలో నీ కుర్చీ నీకే ఉంటది."

"నాకు గిటారొచ్చు."

"వచ్చు. రాదన్నానా?"

"మరి?"

బావ నా సంచి వైపు చూశాడు. వెంటనే క్యాలెండరు వైపు చూశాడు. "పోనీ గిటారే తిప్పి పట్టుకో. కుడిచేత్తో నొక్కు, ఎడమచేత్తో మీటు. అట్టా వాయించేవాళ్లు లేరా?" అన్నాడు.

ఉన్నారు. కానీ గుంటూరు కాలేజీ హాస్టల్లో మొదటిసారి గిటారు పట్టుకున్న రోజు నుంచీ నేర్చుకున్నది నా ఎడమ చెయ్యి. కుడి చేతికి ఏం తెలుసు? కీబోర్డు మీద దుప్పటి కప్పాను.

డిసెంబరు 10

ఎవరూ లేనప్పుడు గిటారు తీశాను. చిటికెన వేలితో ఒక తీగ నొక్కగలిగాను. మిగతావన్నీ వట్టిగా మోగాయి. నెక్కు బరువంతా బొటనవేలి మీద పడి చెయ్యి వణికింది. మధ్యలో మూడు వేళ్లూ వాటి పని అవి చేస్తూనే ఉన్నాయి. మూడు తీగలు కలిపి నొక్కే సి కార్డు పట్టుకున్నాయి, వదిలాయి, జి పట్టుకున్నాయి. అన్నీ నాకు తెలుస్తున్నాయి. చప్పుడు మాత్రం లేదు.

పెట్టెలో పెట్టేశాను.

డిసెంబరు 21

నా చేతికి సరిపోయే గిటారు చేయించాలి. ఈ ఆలోచన ఇన్నాళ్లూ ఎందుకు రాలేదో! సన్న నెక్కు, చిన్న బాడీ, తక్కువ తీగలు. అలాంటిది ఉంటే నేను మళ్లీ వాయిస్తాను. అందులో అనుమానం లేదు.

గుంటూరు కొత్తపేటలో ఆదాం గారని ఉన్నారు. చుట్టుపక్కల చర్చిల గిటార్లన్నీ ఆయన దగ్గరికే రిపేరుకి పోతాయి. కొత్తవీ చేస్తారు. బావ వెళ్లి మాట్లాడి వచ్చాడు.

"చేస్తానన్నాడు. కానీ ముందు చెయ్యి చూడాలంటున్నాడు. ఒకసారి పోయొద్దాం."

"చూసేదేముంది? మూడు వేళ్లు లేవు, బొటనవేలూ చిటికెన వేలూ ఉన్నాయని చెప్పు. గిటార్లు చేసే మనిషికి ఆ మాత్రం అర్థం కాదా?"

బావ ఏదో అనబోయాడు. అనలేదు.

2004 జనవరి 8

ఆదాం గారు ఫోన్ చేశారు. రిసీవరు చెవికి దూరంగా పెట్టుకోవలసి వచ్చింది. అంత గొంతు.

"జ్యోతమ్మా, నీ బొటనవేలు నెక్కు మీంచి వంగి లావు తీగ అందుకుంటదా?"

"అందుకుంటుందండీ."

"చిటికెన వేలు ఎంత దూరం సాగుద్ది?"

"మామూలుగానే."

"మామూలంటే ఏందమ్మా? నా మామూలా, నీ మామూలా? ఒక్కసారి రారాదూ. టీ ఇప్పిస్తా."

"స్కూలుందండీ. కుదరదు."

స్కూలుకి నేను వెళ్లడం లేదు. నేను పాట నేర్పే పిల్లలకి డ్రిల్లు మాస్టారు ఆ పీరియడ్‌లో కబడ్డీ ఆడిస్తున్నాడట.

జనవరి 27

గిటారు ఇంకా కాలేదట.

ఫిబ్రవరి 18

శివరాత్రి. బావ వాళ్లు కోటప్పకొండ తిరునాళ్లకి వెళ్లారు, లైట్లు కట్టిన ఎత్తయిన ప్రభ బండి మీద ప్రోగ్రాం. నా చోట నరసరావుపేట కుర్రాడెవరో వాయిస్తున్నాడు. బాగా వాయిస్తాడట. మంచిదే. పిలిచినవాళ్లకి ప్రోగ్రాం సరిగ్గా జరగాలి కదా.

నాకేం అనిపించలేదు.

అమ్మ ఉపవాసం. నేను కూడా ఏమీ తినలేదు, ఉపవాసమని కాదు. నాకేం అనిపించలేదు.

ఫిబ్రవరి 24

ఇవాళ్టిది రాయకూడదనుకుని దీపం ఆర్పేశాను. మళ్లీ లేచి రాస్తున్నాను.

ఎవరికీ చెప్పకుండా గుంటూరు వెళ్లాను. ప్రమాదం తర్వాత బస్సెక్కడం ఇదే మొదలు. కిటికీ పక్క కాకుండా ఇవతలి సీటులో కూర్చుని, చెయ్యి కొంగులో చుట్టుకుని, కళ్లు మూసుకుని వెళ్లాను. గిటారు ఎంతవరకు వచ్చిందో గుమ్మంలోంచే చూసి వచ్చేద్దామనుకున్నాను. చెయ్యి చూపించే ఉద్దేశం లేదు.

కొత్తపేట సందులో తిరగగానే గిటారు వినిపించింది. తడబడుతూ, ఆగుతూ. షాపు ముందు ముగ్గురు మనుషులు నిలబడి నవ్వుతున్నారు. లోపల స్టూలు మీద ఆదాం గారు. ఎప్పుడూ చూడకపోయినా ఆ గొంతు మనిషి ఆయనేనని తెలిసిపోయింది. ఒళ్లో పాలిష్ లేని పచ్చి చెక్క గిటారు, సన్న నెక్కు. అది నాదే. ఆయన ఎడమ చేతికి చూపుడు వేలు, మధ్య వేలు, ఉంగరపు వేలు, మూడూ అరచేతిలోకి మడిచి ఎర్ర ఇన్సులేషన్ టేపుతో బిగించి ఉన్నాయి. బొటనవేలూ చిటికెన వేలూ మాత్రం బయటికి ఉన్నాయి. వాటితో వాయిస్తున్నాడు. తప్పు పలికినప్పుడల్లా బయట ఉన్నవాళ్లు నవ్వుతున్నారు.

నా చెయ్యి అక్కడ, ఒక మగమనిషి మణికట్టు చివర, నలుగురూ చూసి నవ్వుకునేలా ఆడుతోంది.

"ఏం చేస్తున్నారు?" అన్నాను.

ఆయన తలెత్తాడు. కొంగు చుట్టిన నా చెయ్యి చూసి లేచి నిలబడ్డాడు. "జ్యోతమ్మేనా? రా తల్లీ, కూర్చో. వీళ్లు మా చర్చివాళ్లు. నా వాయింపుడికి నవ్వుతున్నారు, అంతే. ఒరేయ్, పోండ్రా మీరు!"

"నా చెయ్యి ఎంతమందికి చూపించారు ఇలాగ?"

"నువ్వు నాకే చూపించలేదుగా తల్లీ! చూపిస్తే ఈ కట్టెందుకు? క్రిస్మస్ పోయిన కాడి నుంచీ రోజూ కట్టుకుంటన్నా. ఎక్కడ అందుద్దో, ఎక్కడ అందదో తెలవాలి కదా."

అంటూ టేపు పీకాడు. వేళ్లు తెల్లగా పాలిపోయి, ముడతలు పడి ఉన్నాయి. ఒకటి తర్వాత ఒకటి విచ్చుకున్నాయి. మూడూ విచ్చుకున్నాయి.

"మీరు విప్పుకోగలరు," అన్నాను.

ఆయన ఆ చెయ్యి గిటారు వెనక దాచుకున్నాడు. నేను వచ్చేశాను. బస్టాండు దాకా ఎలా నడిచానో తెలియదు.

ఫిబ్రవరి 25

గిటారు వద్దని చెప్పమన్నాను బావతో. సరేనన్నాడు. అంత తొందరగా సరేనంటాడనుకోలేదు.

ఫిబ్రవరి 27

ఇదెలా రాయాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

మధ్యాహ్నం భోజనాల వేళకి ఆదాం గారు వచ్చాడు. దుప్పట్లో చుట్టిన గిటారు భుజాన వేసుకుని, బస్సు దిగి, అడుగుతూ అడుగుతూ వచ్చాడట. గుమ్మంలో చెప్పులు విడిచి లోపలికి రాకుండా నిలబడ్డాడు. బావే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి కూర్చోబెట్టాడు. అమ్మ మంచినీళ్లిచ్చింది. ఆయన తాగలేదు.

"తల్లీ, నువ్వన్న మాట నిజమే. నేను విప్పుకోగలను. మూడ్రోజుల నుంచి అదే వినపడతంది. టేపు కట్టుకుంటే నీ చెయ్యి తెలుస్తదనుకున్నా. తెలవలా. ఇది నా చేతికి చేసిన గిటారు. నీకు పనికిరాదు." దుప్పటి విప్పి గిటారు నేల మీద పెట్టాడు. "వద్దంటే పొయ్యిలో పెట్టుకో, నేనేం అనుకోను. కావాలంటే మాత్రం చెయ్యి చూపియ్యి. చూడకుండా నేను చెయ్యలేను. ఆ సంగతి ముందే గట్టిగా చెప్పకపోవడం నా పొరపాటు."

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బావ కిటికీలోంచి వీధిలోకి చూస్తున్నాడు. ఆ చూపు నాకు అలవాటే. అందరూ మూడు నెలలుగా నన్ను తప్ప అన్నిటినీ చూస్తున్నారు. ఈయన ఒక్కడే నా సంచి వైపు నేరుగా చూస్తున్నాడు, పగిలిన గిటారు చూసినట్టు.

ఎందుకు విప్పానో తెలియదు. కోపంతోనేమో. చూడు, చూసి పో, అన్నట్టు నాడా పళ్లతో లాగి సంచి తీసి చెయ్యి ఆయన ముందు పెట్టాను. నేను మాత్రం గోడ వైపు తిరిగాను.

ఆయన చేతులు గరుగ్గా ఉన్నాయి. మణికట్టు పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు.

"మూడన్నావే?" అన్నాడు.

"మూడే."

"పోయినవి రెండే. ఇదేంది మరి?"

ఏదో పట్టుకున్నాడు. ఆయన పట్టుకున్నది నాకు తెలిసింది. ఉంగరపు వేలు. లేని వేళ్లు అలాగే అనిపిస్తాయి, పట్టించుకోకూడదు.

"ఇది వంచు తల్లీ."

"ఏది?"

"ఇట్టా చూడమ్మా! గోడకేముంది? ఇదీ, నేను పట్టుకున్నది. వంచు."

తిరిగి చూశాను.

చూపుడు వేలు లేదు. మధ్య వేలు లేదు. ఎర్రగా, నున్నగా రెండు గుబ్బలు. వాటి పక్కన ఉంగరపు వేలు ఉంది. పొట్టిగా, సన్నబడిపోయి, కొన గుండ్రంగా ఉంది. గోరున్న కణుపు పోయింది, దాని కింది కణుపులో సగం పోయింది. కానీ మధ్య కీలు ఉంది. వంచమన్నాడు కదా అని వంచాను. వంగింది. తుప్పు పట్టిన మడతబందులా కొంచెమే, కానీ వంగింది. ఆయన వేలిని నొక్కింది.

నేను కేక పెట్టానట. అమ్మ చెప్పింది. నాకు తెలియదు.

"బావా, ఇది ఉంది," అన్నాను. "ఇది ఉంది. నీకు తెలుసా?"

బావ మొహంలో నెత్తురు చుక్క లేదు. "అదేంటి జ్యోతీ! నీ వేలు నీకు తెలీకపోవడమేంటి?"

"మరి మూడు పోయాయని అంటుంటే ఒక్కసారీ చెప్పలేదేం?"

"సగం వేలు లెక్కేంటి అనుకుంటున్నావనుకున్నా. చేతి మాటెత్తితే నువ్వు గోడకి తిరుగుతున్నావు. ఎట్టా ఎత్తను?"

అమ్మ ఏడుస్తూ అంది. "రోజూ దానికి నూనె రాసేదాన్నే అమ్మడూ. నీకు తగల్లేదా?"

తగిలింది. ప్రతిరోజూ తగిలింది. అది లేని వేలని వదిలేశాను. ఇన్నాళ్లూ అది సంచిలో కదులుతుంటే భ్రమ అనుకున్నాను.

ఆదాం గారు గిటారు మళ్లీ దుప్పట్లో చుట్టుకున్నాడు. "ఈ నెక్కు పోయినట్టే. మళ్లీ చెయ్యాలి. వేలికి పని చెబుతా ఉండు, తువ్వాలు పిసుకు రోజూ," అన్నాడు. అప్పుడు తాగాడు మంచినీళ్లు.

ఫిబ్రవరి 28

ఉంది. పొద్దున లేవగానే చూశాను. ఉంది.

మార్చి 14

పుట్టింటి ఊరికి వచ్చాను. కల్లంలో మిరపకాయలు ఆరబోశారు, ఎటు చూసినా ఎరుపే. ఘాటుకి తుమ్ములు. సంచి లేకుండా వచ్చాను. నాన్న చెయ్యి చూసి, తల తిప్పుకుని, మళ్లీ తనే తల తిప్పి చూశాడు. "నొప్పుందా?" అన్నాడు. "లేదు" అన్నాను. "కారం తగలనీకు," అన్నాడు. మా నాన్న బుల్లయ్య నాతో ఈ సంగతి మాట్లాడింది ఇంతే. చాలు.

మార్చి 30

కొత్తపేటకి ఇది మూడోసారో నాలుగోసారో. ఆదాం గారితో పోట్లాట. ఆయనకి ఆరు తీగలూ ఉండాలని పట్టుదల. "నాలుగు తీగలైతే గిటారెందుకంటారు దాన్ని?" అంటాడు. ఆరు తీగలైతే పొట్టి వేలు పక్క తీగకి తగిలి గొంతు నొక్కేస్తోంది. నాలుగే ఉండాలి, వాటి మధ్య ఎడం ఉండాలి అన్నాను. నేను చూపించాను, ఆయన వాదించాడు, చివరికి చెక్క మీద నాలుగే గీతలు గీసుకున్నాడు. నెక్కు వెనకవైపు బొటనవేలు దొర్లడానికి ఒక పక్క చెక్కుతానన్నాడు. బరువు చేతి మీద పడకుండా బెల్టు రెండు భుజాలకీ.

ఇప్పుడు ఏ మాటా ఊహించి అడగడు. చెయ్యి లాక్కుని చెక్క మీద పెట్టి చూస్తాడు. నేనూ చూస్తాను.

మే 20

గిటారొచ్చింది. చాలా అందంగా ఉంది. తేనె రంగు. ఒళ్లో పెట్టుకుంటే నాతోపాటు పుట్టినట్టు ఒదిగింది.

వాయించలేకపోయాను.

మే 21

ఏ పాటా రాలేదు. ఒక్కటి కూడా. గిటారు వస్తే వాయిస్తానని నాకు ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. నేనే అనుకున్నాను. తప్పు గిటారుది కాదు, అది ఎక్కడ చెయ్యి పెడితే అక్కడ అందుతోంది. వేళ్లు పాత చోట్లు వెతుక్కుంటున్నాయి, ఉన్న రెండూ, లేని రెండూ. పోయిన వేళ్లు ఇంకా సి కార్డే పట్టుకుంటున్నాయి.

బావ గుమ్మంలోంచి విని వెళ్లిపోయాడు. బాగుందన్నాడు రాత్రి అన్నాల దగ్గర. బాగోలేదు.

జూన్ 3

శ్రుతి మార్చేశాను. కోపంతో బిరడాలు తిప్పేశాను నిజానికి. తిప్పి తిప్పి, ఏమీ నొక్కకుండా నాలుగు తీగలూ మీటితేనే ఒక కార్డు పలికేలా పెట్టాను. ఇప్పుడు లేని వేళ్లకి ఇక్కడ పనే లేదు. వాటికి తెలిసిన కార్డు ఒక్కటీ ఈ తీగల మీద లేదు. చిటికెన వేలూ, పొట్టి వేలూ, బొటనవేలూ. ఈ మూడింటికీ అన్నీ కొత్త. అన్నీ మొదటినుంచి.

మధ్యాహ్నం కరెంటు పోయినా లేవలేదు. ఒక పల్లవి వచ్చింది. మెల్లగా, కుంటుతూ, కానీ వచ్చింది.

జులై 12

స్కూలుకి వెళ్లాను. ఐదో క్లాసు పిల్ల లేచి, "టీచర్, మీ వేళ్లు ఏవీ?" అంది. చెప్పాను. "మళ్లీ రావా?" అంది. రావన్నాను. "సరే, పాట మొదలుపెట్టండి టీచర్," అంది.

ఆగస్టు 26

ఇవాళ చిలకలూరిపేటలోనే ఒక పెళ్లి, పగటి ముహూర్తం. భోజనాలప్పుడు బావ ఆర్కెస్ట్రా. నేను వెళ్లాను. చూడ్డానికి కాదు.

స్టేజీ ఎక్కి బెల్టు రెండు భుజాలకీ తగిలించుకున్నాను. ముందు వరసలో ఆడవాళ్లు ఒకరినొకరు మోచేత్తో పొడుచుకుని నా చెయ్యి చూపించుకుంటున్నారు. మైకులో బావ నా పేరు చెప్పలేదు. చెప్పొద్దని నేనే అన్నాను. మొదటి పాటలో తక్కువగా మీటాను. రెండోదానిలో కొంచెం ధైర్యం. మూడో పాట చరణంలో పొట్టి వేలు జారింది. పట్టుకున్నాను, మళ్లీ జారింది. నేను వెనకబడ్డాను.

బావ కీబోర్డు ఆపలేదు. తల మాత్రం నా వైపు తిప్పి, మైకులో పడేంత గట్టిగా అరిచాడు.

"జ్యోతీ! లేటొస్తున్నావ్! తాళం చూడు!"

అదిరిపోయాను. తబలా అతను కూడా అదిరిపోయి బావ వైపు చూశాడు. నవంబరు నుంచీ మావాళ్లలో నా మీద గొంతు పెంచిన మనిషి లేడు. మా ఇంట్లో గిన్నె కింద పడినా నాకు వినపడకుండా తీసేవాళ్లు. బావ మొహం ఎర్రగా ఉంది. అరిచేశాక భయపడ్డాడు కూడా, కళ్లలో తెలుస్తోంది. అయినా వేళ్లు ఆపలేదు.

నా నోట్లోంచి మాట దానంతటదే వచ్చేసింది.

"నువ్వే పరిగెడుతున్నావ్!"

అదీ మైకులో పడింది. పెళ్లిపందిట్లో ఎవరో పగలబడి నవ్వారు. ముందు వరసలో ఆడవాళ్లు నా చెయ్యి చూడ్డం మానేసి మా ఇద్దరి మొహాలూ చూడ్డం మొదలెట్టారు. నేను చరణం అందుకున్నాను. ఇంటికి వచ్చేదాకా మేమిద్దరం దాని గురించే పోట్లాడుకున్నాం, స్కూటరు మీద, గాలికి సగం మాటలు వినపడక, గట్టిగట్టిగా.

లేటు నాదే. ఒప్పుకోలేదు.